వందేళ్లకో ఊరు

విదేశంలోని ఆ నదీలోయలో సైకిలు తొక్కుకుంటూ ఒక్కో ఊరు దాటేకొద్దీ వందేళ్లు వెనక్కి వెళ్తారు. టూరు కంపెనీ ముందే చెప్పింది కాబట్టి ఉత్పల ఆశ్చర్యపోలేదు. పాతకాలంలో చలెక్కువని రెండు స్వెట్టర్లు అదనంగా సర్దుకుంది.

షరతు ఒక్కటే. ఏ కాలపు ఊళ్లో ఆ కాలపు మర్యాదే జరుగుతుంది. అవమానం అనిపిస్తే పైకి అనాలి, అనగానే ఇంటికి పంపేస్తారు. ఆఖరి ఊళ్లో కూడా నోరు మెదపనివాళ్లను అక్కడే ఉంచేసుకుంటారు.

మొదటి ఊళ్లో పూలకుండీల మధ్య కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఉత్పల భర్త శేషఫణి వంతెన మీదా చర్చి మెట్ల మీదా ఫొటోలు దిగి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. రెండో ఊళ్లో వంటగది పక్కన, పొగలో బల్ల వేశారు.

"ఏవండీ, మనల్ని మూలకి తోసేశారేంటి?" అంది ఉత్పల.

"చరిత్రంటే ఇలాగే ఉంటుంది. నువ్వు నోరు జారకు. సగంలో వెనక్కి పంపేస్తే గ్రూపులో పరువు పోతుంది."

ఆ ఊరు దాటగానే సైకిళ్లు మాయమయ్యాయి. ఆ కాలానికి అవింకా పుట్టలేదు. ఫోను మొదటి ఊరు దాటగానే పోయినా శేషఫణి ఇంకా జేబులు తడుముకుంటూనే ఉన్నాడు. ఇద్దరూ సామాను నెత్తినెత్తుకుని మూడో ఊరు చేరారు. సత్రం యజమానురాలు వాళ్లను పెరటి గుమ్మం బయటే నిలబెట్టింది. పెరట్లో కట్టెలు కొడుతున్న వెంకన్న అనే తెలుగాయన దగ్గరికొచ్చాడు. అతనూ ఒకప్పుడు టూరుకొచ్చినవాడే.

"ఇదే ఆఖరి ఊరండి. మేం ఊరుకున్నాం, ఉండిపోయాం. మీరు ఒక్క మాటనెయ్యండమ్మా, ఇంటికెళ్లిపోతారు."

ఉత్పలకు దుఃఖం ముంచుకొచ్చింది. తన ఇల్లు, తన మంచం కళ్లముందు మెదిలాయి. ఈసారి ఎవరాపినా అనేయాలని గట్టిగా అనుకుంది.

యజమానురాలు కిటికీ బయట గట్టు మీద బోర్లించిన తగరపు గ్లాసు చూపించింది. ఉత్పల తీసి పట్టుకుంటే, తగలకుండా పైనుంచి నీళ్లు పోసింది. ఉత్పల తాగి, గ్లాసు కడిగి, ఉన్నచోటే బోర్లించింది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

"అవమానంగా ఉందా అని ఈవిడ అడుగుతున్నారండి. చెప్పండమ్మా," అన్నాడు వెంకన్న.

ఉత్పల నిజాయితీగానే ఆలోచించింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

"అడగ్గానే మంచినీళ్లిచ్చారు. ఇందులో అవమానమేముంది? విడి గ్లాసంటారా, అది శుభ్రం కోసం. మా పనిమనిషి సైదమ్మకీ నేనిలాగే పెడతాను."

వెంకన్న తల దించుకుని ఆ మాటే వాళ్ల భాషలో చెప్పాడు. యజమానురాలు సంతోషించి చీపురు చేతికిచ్చింది.

మర్నాడు పై ఊరి నుంచి మరో జంట సామాను మోసుకుంటూ దిగింది. ఎలాంటి మనుషులో ఏమోనని ఉత్పల తన గ్లాసు పక్కకు జరిపి, వాళ్లకోసం ఇంకొకటి దూరంగా బోర్లించింది.