లాలాబీ పరుపు

ఇస్మాయిల్ ఆ రోజు మిల్లుకు సెలవు పెట్టింది ఒక మంచిపని కోసమే. ఎమ్మిగనూరులో కూతురింటికి వెళ్లిన వాళ్లమ్మ లాలాబీ మధ్యాహ్నం బస్సుకు ఆదోనికి తిరిగి వస్తుంది. ఆమె వచ్చేలోగా పాత దూదిపరుపు పారేసి, బళ్లారి నుంచి తెప్పించిన ఫోం పరుపు మంచం మీద వేసి ఉంచాలి. మిల్లులో పత్తి ఏరి తనను పెంచిన తల్లి ఇన్నాళ్లకైనా మెత్తగా పడుకోవాలని అతని ఆశ. కొడుకుల ఆశలు ఇట్లాగే ఉంటాయి. పడుకునే మనిషిని మాత్రం అడగరు.

పొద్దున్నే అతని భార్య జొహరాబీ పాత పరుపునూ దిండునూ ఈడ్చుకొచ్చి వీధిలో పడేసి, లోపల పనిలో పడింది. ఆ వీధిలో మనిషి పోతే తప్ప పరుపు బయట పడేయరు. చిరిగితే కుట్టుకుంటారు, గడ్డ కడితే కరీం సాబ్‌ను పిలిచి దూది ఏకించుకుంటారు. ఆ సంగతి మొగుడూ పెళ్లాల్లో ఒక్కరికి గుర్తొచ్చినా ఈ కథే లేదు.

ఎదురింటి ఈరమ్మ నీళ్లకు వెళ్తూ పరుపును చూసి, బిందె దించి అక్కడే కూలబడింది. పోయిన నెలే లాలాబీకి జ్వరం వచ్చి తగ్గింది. అంటే కూతురింట్లోనే కన్నుమూసిందన్నమాట! నోరు తెరిచి అడిగితే బాగుండదు కదా. ఈరమ్మ వెళ్లి టీకొట్టు బసవన్నకు చెప్పింది. బసవన్న కొట్టు మూసి వీధికంతా చెప్పాడు.

ఒక్కొక్కరే వచ్చి మాటా పలుకూ లేకుండా కూర్చుంటుంటే ఇస్మాయిల్ పొంగిపోయాడు. అందరూ ఫోం పరుపు చూడ్డానికే వచ్చారనుకున్నాడు.

"అమ్మకు తెప్పించినా. ఊరికే సూస్తే ఏం తెలుస్తాది? ఒకసారి పండుకొని సూడు బసవన్నా," అన్నాడు.

బసవన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దులేప్పా. అమ్మ ఎప్పుడొస్తాది?"

"మధ్యాన్నం బస్సుకు."

పాపం, శవాన్ని తేవడానికి జీపు కూడా దొరకలేదు కాబోలని బసవన్న కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి ఈరమ్మ ఇక ఆగలేకపోయింది.

"నా పిల్లోళ్ల కాన్పులన్నిటికీ ఆ పరుపే ఇచ్చెప్పా మీయమ్మ. నేను సాప మీద పండుకుంటానంటే ఒప్పుకోలా. ఒక్కో కాన్పుకూ నెల దినాలు ఆయమ్మ ఉత్త నేల మీద పండుకుండె."

తన కాలు విరిగినప్పుడూ అంతేనన్నాడు బసవన్న. ఇస్మాయిల్‌కు పాత మాటొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మ నేల మీద పడుకుంటే ఎందుకని అడిగాడు. చల్లగా ఉంటుందని చెబితే నమ్మాడు. అటువంటి పరుపునా తను వీధిలో వేయించింది? లేచి బయటికి పరుగెత్తాడు.

అప్పటికే ఆలస్యమైంది. కరీం సాబ్ పరుపు కోసి, దూదంతా కుప్ప పోసి ఏకుతున్నాడు. పక్కన కొత్త తెల్లగుడ్డ మడత పెట్టి ఉంది.

"ఆయమ్మ పోయినా ఈ దూది పోగూడదు ఇస్మాయిలూ. బాగా ఏకి లేనోళ్లకు ఇస్తాం," అన్నాడు.

"పోయిందేంది మామా? ఎవురు పోయినారు?"

జవాబు చెప్పేలోగా వీధి మలుపులో సంచీతో లాలాబీ కనిపించింది. ఎగిరే దూది ఆమె తల నిండా వాలింది. ఇస్మాయిల్ వెంటే బయటికొచ్చిన ఈరమ్మ బసవన్న వెనక దాక్కుంది.

"నా పరుపు కోసినోడు ఎవుడు?" అంది లాలాబీ.

పోయినవాళ్లు అట్లా అడగరు కాబట్టి ఆమె బతికే ఉందని అందరూ ఒప్పుకున్నారు. జరిగింది విని లాలాబీ నవ్వీ నవ్వీ కూలబడింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"బతికుండంగనే నా మంచి వింటి. ఇంగ నిజంగా పోయినప్పుడు ఎవురూ రాకున్నా నాకేం బాధ లేదు."

పాత పరుపే కావాలా అని ఇస్మాయిల్ ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు. అదే కావాలంది. మరి ఫోం పరుపు పారేయాలా అంటే కోప్పడింది.

"కాన్పులకూ కాళ్లు ఇరిగినోళ్లకూ అదిస్తాం. ఇంగ నేను నేల మీద పండుకునే పని లేదు. మంచి పరుపే తెచ్చినావు నాయనా."

అప్పుడు ఆమె కన్ను మడత పెట్టిన తెల్లగుడ్డ మీద పడింది. కరీం సాబ్ దాన్ని వెనక్కి దాచబోయాడు. అది దేనికో ఆమెకు అర్థమైంది. గుడ్డ పట్టి చూసింది. నేత గట్టిగానే ఉంది.

పొద్దు వాలకముందే కరీం సాబ్ ఏకిన దూదిని అందులోకి ఎక్కించి కుట్టేశాడు. శవానికి చుట్టే కఫన్‌కని కొలిచి తెచ్చిన గుడ్డ పరుపుకు సరిగ్గా సరిపోయింది.