సిగ్నల్ రాని సిమ్ము

ఒళ్ళు మండదా చెప్పండి! వారానికి ఒక్క ఆదివారం. కడుపునిండా తిని నడుం వాల్చేసరికి ఫోను. మా మేనేజరు. ఆఫీసులో ఆయన్ని సైరన్ అంటాం.

"ఏమయ్యా, ఆ ఫైలెక్కడ పెట్టావు?"

ఆయన టేబుల్ మీదే. కళ్ళజోడు కింద!

ఇక లాభం లేదని సిమ్ముల కొట్టుకెళ్ళాను.

"మా వీధిలో అస్సలు సిగ్నల్ రాని కంపెనీ ఏదయ్యా?"

కొట్టువాడు నన్ను ఎగాదిగా చూశాడు. "అందరూ వచ్చేది అడుగుతారు సార్."

"నాకు ఆఫీసులో రావాలి, ఇంట్లో చావాలి!"

"ఒకటుంది. రేటెంతో మాత్రం ఆ కంపెనీవాళ్ళకే తెలీదు. రెండు నంబర్లు దానికి మారిస్తే తగ్గింపు."

మా ఆవిడ నంబరూ నా పేరు మీదే ఉంది. దాన్నీ మార్పించేశాను, చెప్పకుండా.

ఆ ఆదివారం హాయిగా గుర్రుపెట్టాను. లేచేసరికి మంచం పక్కన మా ఆవిడ, మెడలో కొలత టేపు, కళ్ళలో నిప్పులు. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆర్డర్లన్నీ ఫోన్లోనే.

"నేను ఫోనెత్తట్లేదని పెళ్ళివాళ్ళు బట్టలు వేరేచోట కుట్టడానికి ఇచ్చేశారట! నా ఫోన్‌కేం చేశారు?"

"తగ్గింపు ఇస్తానంటేనూ..."

"బిల్లు చూశారా? ఆ తగ్గింపుకే రుసుము వేశారు! మీ తెలివి తెల్లారినట్టే ఉంది!"



మర్నాడు ఇరుగుపొరుగు ఫోన్లన్నీ అడిగి తెచ్చి, ఏ కంపెనీ సిగ్నల్ ఎక్కడ వస్తుందో చూస్తూ ఇల్లంతా తిరిగింది. తర్వాత కొట్టువాడి పని పట్టింది. "చెప్పిన రేటు మీద ఒక్క పైసా పడితే నీ కొట్టుకొచ్చి కూర్చుంటాను!" అని గట్టిగా చెప్పి, తన నంబరు మాత్రం వేరే కంపెనీకి మార్చుకుంది.

"మరి నాది?" అన్నాను, లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ.

"మీకు రానిదే కావాలిగా. కొట్టువాడు అంతా చెప్పాడు."

కోపమంతా అంతటితో పోయిందనుకున్నాను. నా అంత వెర్రివాడు ఇంకొకడుండడు.

తర్వాతి ఆదివారం కునుకు పట్టిందో లేదో, ఆవిడ ఫోను మోగింది. స్పీకర్లో సైరన్!

"అమ్మా, మీ నంబరిచ్చి పుణ్యం కట్టుకున్నారు. కాస్త మీవాణ్ణి లేపండి."

దుప్పటి విసిరికొట్టి బాత్‌రూమ్‌లోకి పరిగెత్తాను. గడియ పెట్టుకున్నాను.

తలుపు కింది సందులోంచి ఫోను మెల్లగా లోపలికి జారింది.

"మాట్లాడండి. అక్కడా సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది. చూసుకునే తీసుకున్నాను."

తడినేల మీద నిలబడి, "నమస్తే సార్" అన్నాను.