సిమెంటు కాలికి మీ విరాళం

వాట్సాప్ గ్రూపుల్లో విరాళాల మెసేజ్‌లు పెట్టేవాళ్లకు సన్మానం చేయాలి! శాలువా కప్పాలి. ఒమన్ ఎండల్లో శాలువా ఏమిటంటారా? అయితే ఓ ఏసీ గదిలో కూర్చోబెట్టి కప్పండి. కానీ కప్పి తీరాలి.

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. అలాంటి మెసేజ్ రాగానే మీలో చాలామంది "మళ్లీ మొదలుపెట్టార్రా బాబూ" అనుకుంటూ ఫోన్ బోర్లా పెడతారని నాకు తెలుసు. కొందరు గ్రూపునే మ్యూట్ చేసి, ఆ సంగతి అడ్మిన్‌కి తెలియదనుకుంటారు. అడ్మిన్‌కి అన్నీ తెలుసు. ఎందుకంటే ఆ అడ్మిన్ని నేనే!

ఒమన్‌లోని సహం అనే ఊళ్లో ఓ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపర్‌గా పనిచేస్తున్నాను. మేకులు, బూట్లు, చేతి తొడుగులు లెక్క చూసి ఇస్తుంటాను. అది పొట్టకూటి పని. నా అసలు ఉద్యోగం సహం నుంచి సువైక్ దాకా ఉన్న నాలుగు వందల పన్నెండు మంది తెలుగువాళ్ల గ్రూపుకి అడ్మిన్‌గిరీ. జీతం లేదు, లీవు లేదు. పొద్దున్నే వచ్చిపడే గుడ్ మార్నింగ్ పూలను ఊడ్చి పారెయ్యడంతో డ్యూటీ మొదలవుతుంది.

ఈ పదవిలో ఆరేళ్లు గడిపిన అనుభవంతో చెబుతున్నాను, విరాళాల మెసేజ్ మనిషికి వరం! దానివల్ల భూగోళ జ్ఞానం పెరుగుతుంది. గుంటూరులో పుట్టిన నాకు జగిత్యాల జిల్లా మండలాలన్నీ కంఠతా వచ్చాయంటే ఎలా వచ్చాయనుకున్నారు? బొటనవేలికి వ్యాయామం అవుతుంది. దండం బొమ్మలు వరసగా పన్నెండు పెట్టి చూడండి, తెలుస్తుంది. అన్నిటికీ మించి క్రమశిక్షణ అలవడుతుంది. మా గ్రూపులో విరాళమంటే జాబితా. ఒకటో నంబరువాడు తన పేరు రాస్తాడు. రెండోవాడు దాన్ని కాపీ చేసి, కింద తన పేరు చేర్చి మళ్లీ పెడతాడు. ఇలా యాభైవాడి దాకా! ఒకసారి ఎవరో కాపీ చేసేటప్పుడు ముప్పై ఏడో పేరు ఎగిరిపోయింది. ఆ ముప్పై ఏడో ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇంకో నియమం కూడా ఉంది. ఎవరూ ఎవరి చేతికీ డబ్బు ఇవ్వకూడదు. జాబితాలో పేరు రాసినవాళ్లు ఆస్పత్రి కౌంటర్‌లో స్వయంగా కట్టి, రసీదు ఫోటో గ్రూపులో పెట్టాలి. ఈ నియమం పెట్టింది నేనే. ఆ నియమం వల్ల ఏం జరిగిందో కాసేపట్లో చెబుతాను.

నమ్మకం కలగలేదా? అయితే సిమెంటు కథ వినండి.

సిమెంటు మా సైట్ కుక్క. బూడిదరంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. టీ విరామంలో అందరి దగ్గరా తలా ఒక బిస్కెట్ వసూలు చేస్తుంది, అంటే విరాళాల విషయంలో అది కూడా అనుభవం గలదే. పదిహేడు రోజుల కిందట అది ఇనుప రాడ్ల కట్ట నీడలో నిద్రపోతుండగా, పైకట్ట జారింది. రాడ్‌బెండింగ్ పని చేసే భూమయ్య చేతిలోని టీ గ్లాసు కింద పడేసి, రాడ్ల సందులో చెయ్యి దూర్చి కుక్కని బయటికి లాగాడు. కుక్క వెనక కాలు రెండు చోట్ల విరిగింది.

భూమయ్య కుడి చెయ్యి కూడా తెగింది. రెండు వేళ్ల నరాలు తెగాయని, మూడు వారాల్లోగా ఆపరేషన్ చేయకపోతే ఆ వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టరు పైపైన కుట్లు వేసి చీటీ రాసిచ్చాడు. వేళ్లు ముడవని మనిషి రాడ్లు వంచలేడు. రాడ్లు వంచలేని మనిషిని కంపెనీ ఇంటికి పంపేస్తుంది. అయితే ఇదంతా ఇక్కడ అప్రస్తుతం. మనం మాట్లాడుకుంటున్నది కుక్క గురించి!

దగ్గర్లోని సోహార్ పట్నంలో ఉండే రుబీనాకి ఫోన్ చేశాం. హైదరాబాదీ అమ్మాయి, వీధి కుక్కలను కాపాడే పని చేస్తుంది. గంటలో కారేసుకుని వచ్చింది. సిమెంటుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భూమయ్యని ఒక ఫోటో తీసింది. దాన్ని అందంగా కత్తిరించి నాకు పంపింది. ఫోటోలో కుక్క మొహం, రెండు కళ్లు, ఆ కళ్లలో నీళ్లు. అంతే!

"చేతులు, తువ్వాల తీసేసినా అన్నా. రక్తం కనవడితె పబ్లిక్ చూడరు, ముందుకు పోతరు" అంది.

ఎంత తెలివి! నేను ఆ ఫోటో కింద "మన సిమెంటుని కాపాడుకుందాం" అని రాసి గ్రూపులో వదిలాను. మొదటి జవాబు నలభై సెకన్లలో వచ్చింది. "ఏ మండలం?"

ఎవరికి విరాళమన్నా ముందు మండలం అడిగే అలవాటు మరి! మా గది పక్క గదిలో ఉండే అంజి వెంటనే "మన సైట్ కుక్కనే, మనదే మండలం" అని బదులిచ్చాడు. ఇక చూడండి! మ్యూట్ చేసుకున్నవాళ్లు లేచి వచ్చారు. రెండేళ్లుగా గ్రూపులో నోరు విప్పనివాళ్లు ఏడుపు బొమ్మలు పెట్టారు. సువైక్ ఖర్జూర తోటల్లో పనిచేసేవాళ్లు తామంతా కలిసి ఒక కాలి ఖర్చు పెట్టుకుంటామన్నారు. విరిగింది ఒక్క కాలే అని చెప్పాల్సి వచ్చింది. మా ప్రాజెక్ట్ మేనేజర్ గణపతి గారు కూడా ఈ గ్రూపు సభ్యులే. ఆయన ఏకంగా ఇరవై రియాళ్లు రాసి, "మూగజీవాల బాధ చూడలేను" అని కింద చేర్చారు. ఆ ఒక్క వాక్యానికి నూట నాలుగు లైకులు! మర్నాడు మధ్యాహ్నానికల్లా మూడు వందల ఎనభై రియాళ్ల ఆపరేషన్‌కి సరిపడా పేర్లు వచ్చేశాయి. రుబీనా తన పూచీ మీద ఆ సాయంత్రమే సిమెంటు కాలికి ప్లేటు వేయించింది.

ఇప్పుడు నా నియమం సంగతి. కౌంటర్‌లో స్వయంగా కట్టాలి కదా! శుక్రవారం సెలవు రాగానే ఇరవై ముగ్గురు బయల్దేరారు. మనవాళ్లు ఆస్పత్రిలో రోగిని చూడ్డానికి వట్టి చేతులతో ఎప్పుడైనా వెళ్లారా? రోగి ఎవరైతేనేం! ఇరవై ముగ్గురి చేతుల్లో బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు, ఒకాయన చేతిలో కొబ్బరిబొండాం.

కౌంటర్‌లో కూర్చునే ఒమనీ కుర్రాడు ఫహద్ మొదట భయపడ్డాడు. ఎవరో పెద్దమనిషిని పొరపాటున జంతువుల ఆస్పత్రిలో చేర్పించారేమో అనుకున్నాడట. విషయం తెలిశాక లేచి నిలబడి, "దో నఫర్ అందర్, బాకీ బర్రా!" అని అరిచాడు. అంటే ఇద్దరిద్దరే లోపలికి, మిగతావాళ్లు బయటే అని.

ఇద్దరిద్దరుగా వెళ్లి అందరూ పద్ధతి ప్రకారం పరామర్శించారు. "ఎట్లున్నదవ్వా? తింటున్నవా? నొప్పి తగ్గిందా?" అని అడిగారు. "మా మేనమామకు గూడ గిట్లనే ఇరిగింది. ఇప్పుడు బర్ల ఎనుక ఉరుకుతున్నడు" అని అంజి ధైర్యం చెప్పాడు. సిమెంటు తోక ఊపింది. సిమెంటుకి బత్తాయిలు నచ్చవు కాబట్టి అవి ఫహద్‌కి, డాక్టరుకి, వెయిటింగ్ హాల్లో పిల్లి బుట్టతో కూర్చున్న ఓ కుటుంబానికి పంచారు. ఆ కుటుంబం కృతజ్ఞతగా పిల్లిని చూపించింది. దాన్ని కూడా పరామర్శించి వచ్చారు.

భూమయ్య కూడా వచ్చాడు. ఫహద్ ఇచ్చిన బత్తాయిని కుడి చేత్తో ఒలవబోయాడు, కుదరలేదు. అంజి ఒలిచి తొనలు చేతిలో పెట్టాడు. ఇది కూడా అప్రస్తుతమే, ఎందుకో మరి, చెప్పేశాను.

ఆ క్లినిక్ పద్ధతే వేరు! కుక్కకి సొంతదారు పేరు ఉండాలన్నారు. మొదటి రోజు కుక్కని ఎత్తుకుని లోపలికి తెచ్చింది భూమయ్యే కాబట్టి అతని రెసిడెంట్ కార్డు, ఫోన్ నంబరు రాసుకున్నారు. ఇక క్లినిక్ మెసేజ్‌లన్నీ భూమయ్య ఫోన్‌కే. మొన్న స్టోర్ కిటికీ దగ్గరికి వచ్చి ఆ ఫోన్ నాకిచ్చాడు. అతను ఇంగ్లిష్ చదవలేడు.

"దవాఖాన నుంచి మెసేజ్ వచ్చింది సార్. నా పేరు ఉన్నదట. చెయ్యి ఆపరేషన్‌కు రమ్మన్నరా?"

చదివాను. "ప్రియమైన భూమయ్యా, రేపు మీ సిమెంటుకి కట్టు మార్చాలి. దయచేసి ఆలస్యం చేయకండి. అది త్వరగా కోలుకోవాలని మా ఆకాంక్ష." చివర ఒక చిన్న గుండె బొమ్మ.

"కుక్కకి రమ్మన్నారు భూమయ్యా" అన్నాను.

"మంచిదే సార్. అది మంచిగైతె సాలు" అని ఫోన్ ఎడమ చేత్తో జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను తొడుగుల లెక్క చూసుకున్నాను. ఆ రోజు లెక్క మూడుసార్లు తప్పింది.

కట్టు మార్చడానికి సిమెంటుని పట్టుకోవాలి కదా. భూమయ్య వెళ్లాడు. అక్కడ రుబీనా ఉంది. కుక్క కాలు పట్టుకోమంటే ఎడమ చెయ్యి మాత్రమే ముందుకు పెట్టాడట. ఆ రెండో చేతికేమైందని ఆమె అడిగింది. ఆ రాత్రి నాకు ఫోన్ వచ్చింది. హలో లేదు, సలాం లేదు.

"యా అల్లా! ఆ తువ్వాల మీద రక్తం కుక్కది కాదా అన్నా? ఆ మనిషిదా? కుక్కదనుకొని నేను కట్ చేసిన! నాకు తెల్వదు. నీకు తెలుసు గదా! ఇన్ని దినాలు ఏం చేస్తున్నవ్ నువ్వు?"

ఏం చేస్తున్నానా? అడ్మిన్‌గిరీ చేస్తున్నాను! కుక్క ఆరోగ్యం గురించి రోజూ రెండు పూటలా బులెటిన్ పెడుతున్నాను. సన్మానం జరిగితే ఏ రంగు శాలువా నప్పుతుందా అని కూడా ఆలోచించాను. ఆమె ఫోన్ పెట్టేసింది. సిగ్గేసింది.

పాఠకులారా, భూమయ్య గురించి నేను ఎందుకు మెసేజ్ పెట్టలేదో చెబుతాను. మనుషుల కోసం వచ్చే మెసేజ్‌లకు జనం విసిగిపోయారని నాకు నేను చెప్పుకున్నాను. కంపెనీ మనిషి కాబట్టి కంపెనీయే చూసుకుంటుందని కూడా చెప్పుకున్నాను. రెండూ అబద్ధాలే. అసలు కారణం ఒక కాగితం.

యాక్సిడెంట్ రిపోర్టులో ఇలా ఉంది. టీ విరామం పది నుంచి పదింబావు వరకు. దెబ్బ తగిలింది పదీ పదకొండు నిమిషాలకి. ఆ సమయంలో కార్మికుడు డ్యూటీలో లేడు. కంపెనీ పని చేయడం లేదు, కుక్కని లాగుతున్నాడు. కాబట్టి ఆపరేషన్ ఖర్చుతో కంపెనీకి సంబంధం లేదు. నాలుగు నిమిషాలు ఆగి లాగి ఉంటే డ్యూటీ దెబ్బ అయ్యేదన్నమాట! భూమయ్యకి ఓపిక తక్కువ. ఆ కాగితం కింద గణపతి గారి సంతకం ఉంది. మూగజీవాల బాధ చూడలేని గణపతి గారే. భూమయ్యకి మాటలు వచ్చు, అతను చేసిన తప్పు అదే కావచ్చు.

ఆ సంతకం పక్కన "సాక్షి" అని ఇంకో సంతకం ఉంది. అది నాది. గడియారం చూసి టైము చెప్పింది నేనే. గణపతి గారు పెన్ను ఇచ్చారు, నేను పెట్టేశాను. ఒక్క క్షణం పట్టింది.

ఈ రోజు పొద్దున ఇంకో కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాను. విరామం విరామమే, కానీ జారిన రాడ్లు కంపెనీవి, వాటిని సరిగా కట్టకుండా వదిలింది కంపెనీ, వాటి కింద కుక్క కాలు పడినా, మనిషి చెయ్యి పడినా అవే రాడ్లు అని రాశాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అడ్మిన్ పదవి మాత్రం ఎవరూ పీకలేరు, ఆ మీట నా దగ్గరే ఉంది!

తర్వాత రుబీనాని అడిగి, కత్తిరించని ఫోటో తెప్పించుకుని గ్రూపులో పెట్టాను. కుక్క, దాని చుట్టూ రెండు చేతులు, కుడి చేతికి చుట్టిన ఎర్ర గళ్ల తువ్వాల, పైన భూమయ్య మొహం. డబ్బు నాకు వద్దు, కంపెనీ దారికి వచ్చేలోగా ఆస్పత్రి కౌంటర్‌లో భూమయ్య పేరు మీద కట్టండని రాశాను.

మొదటి జవాబు నలభై సెకన్లలో వచ్చింది. "అయ్యో, సిమెంటుకి మళ్లీ ఏమైంది?"

గణపతి గారు టైప్ చేస్తున్నట్టు పైన కనిపించింది. చాలాసేపు టైప్ చేశారు. ఆగిపోయారు.

అందుకే ఇక్కడికి, మీ దగ్గరికి వచ్చాను. నిజం చెప్పండి, దీనికి "భూమయ్య చెయ్యి" అని పేరు పెడితే తెరిచి చదివేవారా? సిమెంటు బాగుంది. మూడు కాళ్ల మీద గెంతుతోంది, నాలుగోది కూడా అప్పుడప్పుడు ఆనిస్తోంది. దానికి ఇంకేమీ అక్కర్లేదు.

ఈ రచన పక్కన వేయమని ఆ పూర్తి ఫోటోనే పంపాను. స్థలం చాలక పత్రికవాళ్లు అంచులు కత్తిరించి ఉంటే, కుక్క మెడ కింద చూడండి. ఎర్ర గళ్ల తువ్వాల కొస కనిపిస్తుంది. అక్కడ భూమయ్య ఉన్నాడు. మీరు ఇది చదివేసరికి డాక్టరు చెప్పిన మూడు వారాల్లో ఇంకా మూడు రోజులే మిగిలి ఉంటాయి.