బీరకాయకు తొడిగిన కోటు చెయ్యి

ఆ రోజు ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే పెరట్లో మొక్కలకు నీళ్ళు పెట్టాలి. ఆ తర్వాత మిషను ముందు కూర్చుని వకీలుగారి నల్లకోటుకు కుడిచెయ్యి అతకాలి. ఎడమచెయ్యి ముందురోజే అతికాడు. కుడిచెయ్యి లైనింగుతో సహా కుట్టి, ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టుకున్నాడు. సాయంత్రం వకీలుగారు వచ్చి కోటు పట్టుకుపోతే, మర్నాడు కొత్త జడ్జి ముందు అందులో నిలబడతారు. ఇంత చిన్న పథకం వేసుకున్నవాణ్ణి కూడా దేవుడు వదలడు. పెద్ద పెద్ద పథకాలు వేసుకునేవాళ్ళ జోలికి ఆయన పోనక్కర్లేదు, వాళ్ళకి వాళ్ళే చాలు.

పెరటి తోట దర్జీది కాదు, భార్యది. అంతకుముందు దర్జీ పెరట్లోకి వెళ్ళేది ఆరేసిన బట్టలు తీసుకురావడానికే. కానీ భార్య చెల్లెలు స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. వంట చేసి పెట్టడానికి భార్య వెళ్ళక తప్పలేదు. సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, కోర్టు తీర్పు చదివినట్టు చెప్పింది.

"నీళ్ళు పొద్దున్నే పొయ్యండి. మిట్టమధ్యాహ్నం పోస్తే వేళ్ళు ఉడికిపోతాయి. టొమాటోలకి కాస్త నీడ కట్టండి. మిగతావి చచ్చినా పర్లేదు, మళ్ళీ వేసుకుంటాను. ఆ బీరకాయని మాత్రం నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు. దాని మీద ఒక్క చినుకు పడనివ్వొద్దు."

"ముట్టుకోకుండా, తడవకుండా ఎలా చూసేదే?"

"అది మీరే చూసుకోండి. కాపురానికొచ్చాక నేను చెప్పింది చెప్పినట్టు ఒక్కటి చెయ్యండి, చాలు."

అది కూరకు పనికొచ్చే బీరకాయ కాదు. విత్తనానికి వదిలిన కాయ. ఆ విత్తనం ఆమె తల్లి చేతిది. తల్లి పోయాక డబ్బా అడుగున దొరికిన గింజల్లో పురుగు తిన్నవి పోయాయి, కుళ్ళినవి కుళ్ళాయి, మొలిచి పందిరెక్కింది ఈ ఒక్క తీగ. దీని గింజ చేతికి రాకపోతే ఆ తల్లి వేసిన పాదు అక్కడితో సరి. కాయ తీగ మీదే ఎండాలి. కాడ వడిలి, ఊపితే లోపల గలగలమనాలి. ముందే కోస్తే గింజ పొల్లు. ఎండుతున్న కాయ తడిస్తే లోపల బూజు. ప్లాస్టిక్ సంచీ కడితే చెమట పట్టి కుళ్ళు. భార్య రోజూ ఫోన్ చేసి ఇవన్నీ వల్లె వేయించేది. చెల్లెలి కాలు ఎలా ఉందో మాత్రం దర్జీ అడిగితేనే చెప్పేది.

పాపం, దర్జీ ఏమీ తక్కువ చెయ్యలేదు. వడగాడ్పులు మొదలైనప్పుడు పాత లైనింగు గుడ్డలు అతికి టొమాటోలకు నీడ కట్టాడు. నాలుగంచులా మడిచి కుట్టి మరీ కట్టాడు. చిక్కుడుతీగకు పుల్లలు పాతి కాజాదారంతో ముళ్ళు వేశాడు. దుమ్ముగాలి లేచిన రోజు వంకాయ ఆకులను పాత బనీనుతో ఒక్కొక్కటే తుడిచాడు. ముప్పై ఏళ్ళుగా మనుషులకు బట్టలు కుట్టి ఎవరి నోటా మంచి మాట వినలేదు, మొక్కలైతే కనీసం బిగుతైందని అనవు.

ఆ రోజు నీళ్ళు పెట్టడం, వంట, భోజనం అయ్యేసరికి మధ్యాహ్నమైంది. కోటు మిషను మీదికి ఎక్కించాడో లేదో, గది చీకటైంది. కరెంటు పోయిందనుకుని పైకి చూస్తే బల్బు వెలుగుతూనే ఉంది. పోయింది ఎండ. పెరట్లోకి వచ్చి చూస్తే ఉత్తరపు మూలంతా మసిబారిపోయి, చల్లగాలి మట్టివాసన మోసుకొస్తోంది. పందిరి నుంచి బీరకాయ గోధుమరంగుకు తిరిగి, మోచెయ్యి దాటిన చేతంత పొడుగున ఊగుతోంది.

గొడుగు భార్యతో పోయింది. టొమాటోల గుడ్డ జల్లెడలాంటిది. ప్లాస్టిక్ సంచీ నిషిద్ధం. కాయ కోసి ఇంట్లోకి తెస్తే గింజ పొల్లు, ఆ పైన జన్మంతా సాధింపు. దర్జీ లోపలికి పరిగెత్తాడు. మందంగా ఉండాలి, నీరు దిగకూడదు, కింద గాలి ఆడాలి. బల్ల మీద ఇస్త్రీ మడత నలగకుండా వకీలుగారి కుడిచెయ్యి పడుకుని ఉంది. ఇంకెవరైనా అయితే దాన్ని కోటు చెయ్యి అనే అనుకునేవాళ్ళు. దర్జీ కళ్ళకు అది కొలతకు కుట్టిన బీరకాయ చొక్కాలా కనిపించింది.

స్టూలెక్కి, ఆ చేతిని కింది నుంచి మెల్లగా పైకి తొడిగి, భుజం దగ్గరి వెడల్పు భాగాన్ని కాడ చుట్టూ కుచ్చులు పెట్టి దారంతో కట్టాడు. ఆడవాళ్ళ కొలతలు చెయ్యి తగలకుండా తీసి తీసి అలవాటైన మనిషి కాబట్టి కాయ ఎక్కడా ముట్టుకోలేదు. వాన ఓ పావుగంట కురిసి పోతుంది, ఈలోగా మెడపట్టీ పని చూసుకోవచ్చు, వాన ఆగాక చెయ్యి విప్పి ఆరబెట్టి అతికేయొచ్చు అనుకున్నాడు. తొలి చినుకు ఆయన ముక్కు మీద పడింది.

రెండోది వకీలుగారి మీద పడి ఉంటుంది. వాన తప్పించుకోవడానికే ఆయన సాయంత్రం రావలసినవారు మధ్యాహ్నమే వచ్చేశారు. వచ్చీ రాగానే కోటు తొడుక్కున్నారు. ఎడమచెయ్యి దూరింది. కుడిచెయ్యి దూర్చబోతే చొక్కాచెయ్యి బయటే ఉండిపోయింది. అద్దంలో కాసేపు చూసుకుని, రెండోది ఎక్కడయ్యా అని అడిగారు. గుండీలకు కాజాలు కుట్టడానికి పంపానన్నాడు దర్జీ. ఈ వృత్తిలో ఏది ఆలస్యమైనా కాజాల మీదికి నెట్టడం మామూలే. కాజాలు కుట్టేవాడు ఇంతవరకూ ఏ దర్జీ మీదా పరువునష్టం దావా వెయ్యలేదు. అయితే ఒక్క చేతికి కాజాలేమిటని వకీలుగారికి అనుమానం వచ్చింది. ఆ చెయ్యి వచ్చేదాకా ఇక్కణ్ణించి కదలనని ఒంటిచేతి కోటుతోనే కుర్చీలో కూర్చున్నారు.

నిజం చెప్పేస్తే పోయేది కదా అని ఇప్పుడు మనం అనొచ్చు. చెబితే ఆయన ఏం చేస్తారు? మర్నాడు కొత్త జడ్జి. పెరట్లోకి ఒక్క పరుగు తీసి, ఆ చేతిని లాగి పట్టుకొస్తారు. ఆ లాగుడుకు కాయ తెగుతుంది, తెగకపోతే తడుస్తుంది. అందుకని దర్జీ వాన ఆగేదాకా నోరు విప్పకూడదని తీర్మానించుకుని, కుట్టడానికేమీ లేకపోయినా మిషను తొక్కుతూ కూర్చున్నాడు. వాన ఆగే వాన కాదు. టపటపమని మొదలై కుండపోతైంది.

పక్కింట్లో రిటైరైన టీచరమ్మ ఉంటుంది. జల్లు కొడుతోందని మేడ మీద కిటికీ మూయడానికి వచ్చి, తడిసిన కళ్ళజోడులోంచే దర్జీ పెరట్లోకి చూసింది. బీరతీగల మధ్య నుంచి ఒక నల్లకోటు చెయ్యి వేలాడుతోంది. మనిషి ఆకుల్లో కనిపించడం లేదు. చూస్తుండగానే గాలి విసిరింది. ఆ చెయ్యి ఆమె వైపు రెండుసార్లు ఊగింది.

టీచరమ్మ కిటికీ మూసి, కింద అన్ని తలుపులకూ గడియలు పెట్టి, వీధిమలుపులో టీకొట్టు చూరు కింద నిలబడ్డ పోలీసుకు ఫోన్ చేసింది. ఆ పోలీసు చిన్నప్పుడు ఆమె దగ్గరే చదువుకున్నాడు. ఆమె పిలిస్తే ఇప్పటికీ చేతులు వెనక్కి కట్టుకునే వస్తాడు. ఇద్దరూ కలిసి దర్జీ ముందుగదిలోకి అడుగు పెట్టేసరికి ఎదురుగా కుర్చీలో నల్లకోటు.

"వీడే," అంది టీచరమ్మ. "బీరపందిట్లో దాక్కుని నన్ను చేత్తో పిలిచాడు. ఈ వయసులో."

ఎవరి వయసు సంగతో ఆమె చెప్పలేదు. వకీలుగారు కుర్చీలోంచి లేచారు. తాను గౌరవనీయమైన న్యాయవాదినని, వచ్చిన దగ్గర్నుంచీ ఈ కుర్చీ దిగలేదని, కావాలంటే దర్జీని అడగమని అన్నారు. అందరూ దర్జీ వైపు తిరిగారు. దర్జీ కిటికీలోంచి వాన వైపు చూశాడు. అది ఇంకా కురుస్తోంది. తాను అప్పుడప్పుడూ లోపలికి వెళ్ళొస్తున్నానని, ఖచ్చితంగా చెప్పలేనని అన్నాడు. చెప్పాక తనకే సిగ్గేసింది, తలొంచుకుని సూదిలో దారం ఎక్కించాడు.

"ఏ చెయ్యి ఊపాడు టీచర్?" అని పోలీసు అడిగాడు.

"కుడిచెయ్యి. నల్లకోటు చెయ్యి."

"ఈయనకి కుడిపక్క కోటు చెయ్యే లేదు కదండీ."

"అదెక్కడికి పోయిందో అడుగు."

"కాజాలకి వెళ్ళింది," అన్నారు వకీలుగారు గంభీరంగా.

పోలీసుకు కాజాలంటే తెలియదు. పారిపోయిన తోడుదొంగ పేరేమో అనుకుని, అతను ఎక్కడుంటాడని అడిగాడు. ఇక వకీలుగారు ఊరుకోలేదు. చాలాకాలంగా ఆయనకు అద్దె తగాదాలు తప్ప కేసు అన్నది తగల్లేదు. కోటు సర్దుకుని, సాక్షి అయిన టీచరమ్మను అడ్డప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టారు. ఆ చెయ్యి ఎంత పొడుగుంది, గుండీలు కనిపించాయా, పిలిచినప్పుడు అరచెయ్యి పైకుందా కిందికుందా అని అడిగారు. ఆమె మాత్రం తక్కువదా, బడి పిల్లలందరినీ ఏలిన మనిషి. మణికట్టు దగ్గర గుండీలు కూడా ఉన్నాయని, పొడుగు సరిగ్గా తమరి చేతంతేనని జవాబిచ్చింది. ఆయన అడిగినకొద్దీ ఆమె సాక్ష్యం గట్టిపడింది. చివరికి అలాంటి చెయ్యి ఈ వీధి మొత్తం మీద తన కోటుకు తప్ప మరి దేనికీ ఉండటానికి వీల్లేదని వకీలుగారే తేల్చి పెట్టారు. తేల్చాక గాని ఆయనకు ఆ మాట చెవిన పడలేదు. పోలీసు మర్యాదగానే, స్టేషనుదాకా నడుద్దాం రండి అన్నాడు.

వకీలుగారు దర్జీ వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, ఒంటిచేతి కోటుతో స్టేషనుకు నడిచి వెళ్ళాల్సిన మనిషి బతిమాలుకోవడం ఉంది. దర్జీ చేతిలో సూది ఆగిపోయింది. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని భార్య లోపలికి వచ్చింది.

ఆదివారం రావలసిన మనిషి. నిలువునా తడిసి ఉంది, గొడుగు మాత్రం తెరవకుండా చేతిలోనే ఉంది. గదిలో పోలీసున్నాడు, పక్కింటావిడుంది, ఒంటిచేతి వకీలున్నాడు. ఇంకో ఇల్లాలైతే గుండె పట్టుకునేది. ఆమె వాళ్ళలో ఒక్కరినీ చూడలేదు.

"ఆ కాయ ఉందా?"

"ఉంది."

"తడిసిందా?"

"నీ మాట మీద ఒట్టు, ముట్టుకోలేదు, తడవనివ్వలేదు," అన్నాడు దర్జీ. తర్వాత వకీలుగారి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అయ్యా, మీ చెయ్యి కాజాలకి పోలేదు. క్షమించండి. పెరట్లో ఉంది."

అందరూ పెరట్లోకి నడిచారు. వకీలుగారు ఎడమచేత్తో తల మీద ఫైలు పట్టుకుని ముందు నడిచారు. టొమాటోల నీడగుడ్డ బరువెక్కి ఒక పక్కకు ఒరిగి ఉంది, వంకాయ మొక్కలు కడిగినట్టున్నాయి. పందిరి కింద నల్లచెయ్యి నీళ్ళు కారుస్తూ వేలాడుతోంది. టీచరమ్మ దాన్ని చూసి, పోలీసును చూసి, కళ్ళజోడు తుడుచుకునే పనిలో పడిపోయింది.

భార్య గొడుగు తెరిచి కాయ మీద పట్టింది. దర్జీ స్టూలెక్కి దారం తెంపి, కుచ్చులు విప్పి, చేతిని కిందికి జార్చి, స్టూలు దిగాడు. బీరకాయ ఎండుగా, పీచు తేలి, ముట్టుకుంటే పొట్టు రాలేలా ఉంది. భార్య పందిరి మీది తీగను మెల్లగా కదిపింది. లోపల గలగలమంది. ఆమె ఇంకోసారి కదిపింది. అప్పుడు గొడుగు భర్త చేతికిచ్చి, ఆ వానలోనే, అంతమంది ముందూ స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

దర్జీ కంగారుగా కోటు గురించి సంజాయిషీ మొదలుపెట్టాడు. ఆమె వినిపించుకోలేదు.

"తీగకి రెండు కాయలుండేవి," అంది. "పెద్దది నేను వెళ్ళే రోజే కోసుకుపోయాను. మీ మీద నమ్మకం లేక. అమ్మ విత్తనం ఒక్కటైనా నా దగ్గరుండాలని. మీరు మొక్కల మొహమైనా చూస్తారని ఇది వదిలాను. ఇవాళ పొద్దున్న చెల్లి ఇంట్లో ఆ పెద్దది పగలగొట్టాను."

"ఊ."

"అన్నీ పొల్లే. పచ్చిగా కోశాను కదా. నేనే చెబుతాను ఊళ్ళో అందరికీ, ముందే కొయ్యకూడదని. నేనే కోశాను."

దర్జీ గొడుగును కాయ మీదికి ఇంకాస్త వంచాడు. పోలీసు చేతులు వెనక్కి కట్టుకుని బీరకాయ వైపు గౌరవంగా చూశాడు. వకీలుగారు తడిసిన తన కుడిచేతిని మడతపెట్టి చంకలో పెట్టుకుని, కేసు తాను వెనక్కి తీసుకుంటున్నానన్నారు. ఏ కేసో ఎవరూ అడగలేదు. టీచరమ్మ మాత్రం వెళ్తూ వెళ్తూ, గింజలు తీశాక తనకూ నాలుగు పెట్టమంది.

ఆ సాయంత్రం చెయ్యి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి అతికింది దర్జీ, గుండీలు బిగించింది భార్య. లైనింగులో ఇరుక్కున్న బీరపీచు ఇద్దరి కంటా పడలేదు. మర్నాడు కొత్త జడ్జి ముందు వకీలుగారు వాదించినంతసేపూ కుడిచెయ్యి గోక్కుంటూనే ఉన్నారట.

మరుసటి వేసవిలో చెల్లెలు మళ్ళీ రమ్మంటే, భార్య ఈసారి పాదు మీది కాయలన్నీ భర్తకే వదిలి నిశ్చింతగా బస్సెక్కింది. కుట్టుపనికి వచ్చిన కోట్లు మాత్రం బీరువాలో పెట్టి తాళంచెవి పట్టుకుపోయింది.