పికప్పు వెనకభాగ సముద్ధరణ

పికప్పు వెనకభాగాన్ని ఏ పద్ధతిలో పైకి లేపాలన్న అత్యవసర విషయమై వీధి సంక్షేమ సంఘమూ, బంధువర్గమూ సంయుక్తంగా సమావేశం కానున్నట్టు ప్రకటన వెలువడింది. ప్రజాస్వామ్యం మీద గౌరవం కొద్దీ బండి యజమానిని కూడా పిలిచారు.

యజమాని నలుగురి ఇళ్ళ సామాన్లూ మోసి బతికే మనిషి. బరువెక్కితే చాలు, అతని బండి వెనకభాగం నేలకు సాష్టాంగపడుతోంది. పోయినసారి హాస్టల్ గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్‌కి బండి అడుగుభాగం తగిలి, పైనున్న బీరువా అద్దం భళ్ళున పగిలింది. వార్డెనమ్మ మొహమాటాలు తెలియని మనిషి. "ఆదివారం వచ్చే బీరువాలు గీత పడకుండా చేరితే ఏడాది పొడుగునా పని ఇస్తాను. గీత పడిందో, ఇంకొకర్ని చూసుకుంటాను" అని తేల్చేసింది. ఆ పని దక్కితే ఇంటిల్లిపాదీ గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. దక్కకపోతే బండి అమ్ముకోవాలి.

సమావేశం బండి వెనకభాగంలోనే జరిగింది. సమస్యను దాని మీదే కూర్చుని పరిష్కరించాలని సంఘాధ్యక్షులవారి సిద్ధాంతం. మామగారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. అధ్యక్షులవారు హోదా కొద్దీ కుర్చీ మీద కుర్చీ వేయించుకున్నారు. సభ్యులు అంచుల మీద సర్దుకున్నారు. వీళ్ళందరికీ ఆ బండి కొత్త కాదు. యజమానికి సాయం చేసే సదుద్దేశంతో ప్రతి ట్రిప్పుకీ ఎక్కుతూనే ఉంటారు. ఎవరైనా బీరువాను చేత్తో ముట్టుకున్న దాఖలా లేదు గానీ, "జాగ్రత్త, జాగ్రత్త" అనడంలో వాళ్ళను మించినవారు లేరు.

"అల్లుడుగారూ, ఇరుసుకీ బరువు మోసే కమాను పట్టీలకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టించండి" అన్నారు మామగారు. "ఎత్తు కావాలంటే కింద ఏదో ఒకటి పెట్టాలి. నేను అటక మీది డబ్బాలు అలాగే దించుతాను."

"అదంతా పాతకాలం బావా!" అన్నాడు బావమరిది. "గాలి సంచులు పెట్టించు. పంపుతో కొడితే బండి అదే లేస్తుంది. వీడియోలో చూశాను."

కమానును బండికి తగిలించే లంకెలు పొడుగువి వేస్తే చాలని సలహాకి పిలిపించిన మెకానిక్ సెలవిచ్చాడు. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, కమానుకు ఇంకో పట్టీ చేర్చాలనీ, సంఖ్యాబలమే అసలు బలమనీ, తాను ఈ సంఘాన్ని అలాగే పైకి తెచ్చాననీ సుదీర్ఘంగా ప్రసంగించారు. ఓటింగులో ప్రతి పద్ధతికీ దాన్ని సూచించినవారి ఓటు మాత్రమే పడింది. దాంతో అన్నిటినీ ఏకగ్రీవంగా ఆమోదించారు.

పని పూర్తయ్యేసరికి బండి తోక ఆకాశంలోనూ, ముక్కు నేలలోనూ ఉన్నాయి. లైటు వేస్తే ముందు చక్రాలే కనిపిస్తున్నాయి. సీట్లో కూర్చుంటే యజమాని తనంతట తాను బ్రేకు మీదికి జారుతున్నాడు. అయినా ఆ ఎత్తు చూసి అతని ప్రాణం లేచొచ్చింది. పకపకా నవ్వాడు, మెకానిక్‌ను కావలించుకున్నాడు.

"కొలుద్దాం పట్టండి" అన్నారు మామగారు.

"ఇలాగే కొలుద్దాం మామయ్యగారూ!"

"ఖాళీ బండిని కొలవడమేమిటండీ, ఎవరైనా వింటే నవ్విపోతారు" అంటూ ఆయన ఎక్కారు. అందరూ ఎక్కారు. సాంకేతిక సలహాదారు హోదాలో మెకానిక్ కూడా ఎక్కాడు. బండి ఒక్క మూలుగు మూలిగి ఎప్పటి చోటికి వచ్చేసింది. మళ్ళీ కుంగిందే అని సభ్యులంతా ముక్కున వేలేసుకున్నారు.

యజమాని నాలిక చివర ఒక్క మాట ఆడింది. దిగండి. కానీ పెళ్ళయిన నాటినుంచీ మామగారిని "కూర్చోండి" అన్నవాడే గానీ "లేవండి" అన్నవాడు కాడు. ఏడుపొచ్చినంత పనయింది. మాట మింగేశాడు.

ఆదివారం బీరువాలతోనూ పెద్దలతోనూ బండి గేటు దాకా వచ్చి, స్పీడ్ బ్రేకర్ ముందు ఆగిపోయింది. యజమాని దిగి, చేతులు నలుపుకుంటూ, "మామయ్యగారూ, బరువు కాస్త ఎక్కువైందేమో" అన్నాడు. అతను చేసిన సాహసమంతా అదే.

"భేష్! అసలు సంగతి పట్టారు" అన్నారు అధ్యక్షులవారు. "బీరువాలు దించేయండి."

దించేశారు. బండి అడుగుభాగం తగలకుండా స్పీడ్ బ్రేకర్ దాటి, పెద్దలను మోస్తూ, దర్జాగా లోపలికి వెళ్ళింది. చప్పట్లు మారుమోగాయి. సముద్ధరణ జయప్రదమైనట్టు కుర్చీ మీది కుర్చీలోంచి ప్రకటన వెలువడింది. అవతల రోడ్డు మీద మిగిలిపోయిన బీరువాలను యజమాని ఒక తోపుడుబండి మనిషిని బతిమాలి, పాత బొంత పరిపించి, తానూ వెనకనుంచి నెడుతూ చేర్పించాడు.

వార్డెనమ్మ ఒక్కో బీరువా తడిమి చూసింది. ఎక్కడా గీత లేదు. అన్న మాట ప్రకారం ఏడాది పని ఇచ్చేసింది, తోపుడుబండి మనిషికి.

ఇంత ఎత్తు లేచిన బండికి పని ఎందుకు దక్కలేదన్న విషయమై పికప్పులోనే అత్యవసర సమావేశం జరిగింది. వెనకభాగంలో లోపం లేదని రుజువైంది కాబట్టి లోపం ముందుభాగానిదేనని తీర్మానించారు. వాళ్ళందరినీ ఇళ్ళ దగ్గర దింపాలి కదా, యజమాని బండి తీశాడు.

ముందుభాగం అధ్యయనానికి సభ్యులు కావాలి. అంచున ఇంకా కాస్త చోటుంది. మీకు తీరిక లేదంటారా? పోనీ, ఇంతసేపూ హాయిగా కూర్చుని నవ్వారే, ఆ కూర్చున్నది ఎవరి బండిలోనో ఒకసారి కిందికి చూసుకోండి.