కడిగి బిగించిన లాప్‌టాప్

ఆ ఉదయం కుట్టుమిషన్ల మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు బయటికెళ్ళి వచ్చేలోపు ఆమె కొత్త లాప్‌టాప్‌ను శుభ్రం చేసి పెట్టాలి. గుడ్డతో కాదు, లోపల్నుంచి.

ఇందులో ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. ఆయన వృత్తి అలాంటిది. కొత్త కుట్టుమిషన్‌కు తుప్పు పట్టకుండా జిడ్డు పూసి పంపుతారు. తెలియనివాడు దాన్ని అలాగే తొక్కుతాడు. నెల తిరక్కుండా జిడ్డులో దుమ్ము చేరి మిషన్ మూలుగుతుంది. తెలిసినవాడు మొదటిరోజే భాగాలు విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, మంచి నూనె వేసి బిగిస్తాడు. కడిగితేనే వస్తువు మనది, అంతవరకూ కంపెనీవాడిదే అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే కొత్త ఫ్యాను కడిగాడు, కొత్త మిక్సీ కడిగాడు, ఒకసారి అత్తగారి కొత్త వినికిడి మిషన్‌ కూడా కడిగాడు. ఆ చివరి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తినా అత్తగారికి వినపడదు.

కూతురికి పదకొండు గంటలకు ఆ లాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూ ఉంది. ఒక కంప్యూటర్ల కంపెనీలో, ఫోన్ చేసి గోలపెట్టే కస్టమర్లకు ఓపిగ్గా జవాబు చెప్పే ఉద్యోగం. అంతకుముందు రెండుచోట్ల 'మళ్ళీ చెప్తాం' అన్నారు. అలా అన్నవాడు మళ్ళీ చెప్పిన దాఖలా ఈ లోకంలో లేదు. ఇది కూడా పోతే వచ్చే వారం నుంచి మేనమామ ఫోటో స్టూడియోలో కౌంటర్ దగ్గర కూర్చోవాలని ఇంట్లో ఖాయం చేసేశారు. అక్కడ కూర్చోవడం కంటే నడిరోడ్డు మీద నిలబడి ఏడవడం నయమని ఆ పిల్ల అభిప్రాయం.

ఆమె హెడ్‌ఫోన్లు అరువు తెచ్చుకోవడానికి స్నేహితురాలింటికి బయల్దేరుతూ, "నాన్నా, లాప్‌టాప్ టేబుల్ మీద ఛార్జింగ్‌లో పెట్టాను" అని చెప్పి వెళ్ళింది. ముట్టుకోవద్దని చెప్పలేదు. ఆ మొత్తం వ్యవహారంలో ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

మెకానిక్ మూత తెరిచాడు. తెరమీద ఒక మూల నుంచి ఒకడు, ఇంకో మూల నుంచి ఇంకొకడు పలకరించడం మొదలుపెట్టారు. పక్కనే బావమరిది కాఫీ తాగుతున్నాడు. పై వాటాలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరుకు ఆయన వీడ్కోలు సభ ఫోటోలు ఇవ్వడానికి వచ్చి, అక్క ఇంట్లో కాఫీ దగ్గర ఆగిపోయాడు. పక్కన తన పాత లాప్‌టాప్ సంచీ ఉంది.

"ఏంట్రా ఇది, కొత్త పెళ్ళికొడుకుని చూడ్డానికొచ్చినట్టు ఎవడెవడో వచ్చి పోతున్నాడు?"

"కంపెనీవాళ్ళు ఊరికే కుక్కి పంపే ప్రోగ్రాములు బావా. నెలరోజులు ఉచితం అంటారు. తర్వాత పీకలమీద కూర్చుంటారు."

"అంటే జిడ్డు."

"జిడ్డే అనుకో. మొత్తం తుడిచేసి సిస్టమ్ మళ్ళీ శుభ్రంగా ఎక్కిస్తే పువ్వులా నడుస్తుంది. అరగంట పని."

అరగంట పని అన్న మాట కింద పడి ఎన్ని కొంపలు కూలాయో లెక్క తీసినవాడు లేడు. తీయడం మొదలుపెట్టినవాడు కూడా అదీ అరగంట పనే అనుకొని ఉంటాడు.

"నీకొచ్చా?" అన్నాడు మెకానిక్.

"స్టూడియోలో రెండుసార్లు చేశా."

రెండోసారి చేసింది మొదటిసారి చేసినదాన్ని బాగుచేయడానికని అతను చెప్పలేదు.

ముందు గదిలో మెకానిక్ భార్య మిషన్ మీద కూతురి కుర్తా మెడ సరిచేస్తోంది. ఆమె తల ఎత్తకుండానే అంది, "ఏమండీ, అది పిల్ల ఇంటర్వ్యూకి కావాలి. మీ చేతులు మీ దగ్గర పెట్టుకోండి."

"ఇంటర్వ్యూకనే కదే ఈ తాపత్రయం. జిడ్డు మిషన్ ముందు కూర్చోబెడతామా పిల్లని?"

"మా అమ్మకి కూడా ఇదే చెప్పారు."

మెకానిక్‌కు ఆ మాట వినపడలేదు. అత్తగారి ఇబ్బంది అవసరమైనప్పుడు ఆయనకూ వస్తుంది.

సిస్టమ్ ఎక్కించాలంటే ముందు దాన్ని ఒక ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి దించాలి. బావమరిది జేబులో రెండున్నాయి. ఒకే పాకెట్‌లో కొన్నవి, రెండూ నల్లవి. ఒకటి ఖాళీది, ఒకదాంట్లో మాస్టారి ఫోటోలు. చేతికొచ్చినదాన్ని తన పాత లాప్‌టాప్‌కు గుచ్చాడు. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని లాప్‌టాప్ మర్యాదగా అడిగింది. అడిగినవాడు మర్యాదస్తుడైతే మనం ఆలోచించం. సరే అన్నాడు.

కొత్తదాన్ని తుడిచే ముందు మెకానిక్ ఒకసారి తెర కలియజూశాడు. "ఈ హెడ్‌ఫోన్ల బొమ్మ ఎవడిది?"

"వీడూ అదే బాపతు. పోనీ."

అది కూతురు నిన్న సాయంత్రం ఎక్కించుకున్న ఇంటర్వ్యూ ప్రోగ్రాము. దాని పక్కనే సర్టిఫికెట్ల కాపీలున్నాయి. తర్వాత డిస్కు నాలుగు ముక్కలుగా కనపడింది. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని బావమరిది గొణిగాడు.

"సగం కడిగి సగం వదిలేస్తారా ఎక్కడైనా? అన్నీ తీసెయ్."

అన్నీ తీసేశారు. సిస్టమ్ చక్కగా ఎక్కింది. నీలిరంగు తెర వచ్చి స్వాగతం చెప్పింది. మెకానిక్ మీసం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి దించకముందే లాప్‌టాప్ ఇంటర్నెట్ అడిగింది. ఇంట్లో వైఫై ఉంది, కానీ దానికి కనపడలేదు. ఆ లాప్‌టాప్‌కు గాల్లోంచి నెట్ అందుకోవడం నేర్పే చిన్న ప్రోగ్రాము, ఆ తీసేసిన ముక్కలతో పాటే వెళ్ళిపోయింది. అది మళ్ళీ కావాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే అది కావాలి. చదువుకున్నవాళ్ళు కట్టిన ఇళ్ళు ఇలాగే ఉంటాయి, తాళంచెవి లోపల పెట్టి తలుపేస్తారు.

బావమరిది మొహం పాలిపోయింది. మెకానిక్ మాత్రం లొంగలేదు. వచ్చినవాణ్ణి పలకరించకపోతే తప్పు ఇంటివాడిదే కదా అనుకొని, గోడకున్న వైఫై పెట్టెను దించి తిరగేసి చూశాడు. వెనకాల ఒక చిన్న రంధ్రం ఉంది.

దాన్ని చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. ముప్పై రకాల మిషన్లు విప్పిన చెయ్యి అది. మిషన్‌కు రంధ్రం ఉందంటే అక్కడ నూనె వెయ్యాలని అర్థం.

"ఇన్నేళ్ళూ దీనికి ఒక్కడూ నూనె వెయ్యలేదు చూశావా" అంటూ నూనె డబ్బా తెచ్చాడు. నూనె దిగే ముందు దుమ్ము తీయాలి గనక, మిషన్ సూది ఒకటి దూర్చి, గట్టిగా నొక్కిపెట్టి, నిదానంగా తిప్పాడు. పెట్టెమీద దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కాసేపటికి ఒకటి మాత్రం భయంభయంగా వెలిగింది.

బావమరిది పరుగున వచ్చి నూనె పడకుండా బావ చెయ్యి పట్టుకున్నాడు. "ఏం చేశావు బావా? అది కూడా కొత్తదైపోయింది."

"మంచిదేగా."

"పేరు, పాస్‌వర్డు, అన్నీ మర్చిపోయింది."

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. కింది నెట్‌నే పైన వాడుకునే హెడ్మాస్టరు దిగొచ్చాడు. "ఏమయ్యా, చదువుతున్న వార్త మధ్యలో ఆగిపోయింది. సరేగాని, నా ఫోటోలు తెచ్చావా?"

బావమరిది జేబులో మిగిలిన పెన్‌డ్రైవ్ తీసి పాత లాప్‌టాప్‌కు గుచ్చాడు. అది ఖాళీగా ఉంది. మొదటిదాన్ని చూశాడు. అది ఖాళీగా లేదు, కానీ అందులో ఉన్నది మాస్టారు కాదు. స్టూడియోలో కాపీ ఉంచుకోకుండా మొత్తం అందులోకే మార్చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తలకాయ కూడా తుడిచేసినట్టు నిలబడిపోయాడు.

సరిగ్గా ఆ సమయానికి కూతురు హెడ్‌ఫోన్లతో గుమ్మంలోకి వచ్చింది. ఇంటర్వ్యూకు ఇంకా పది నిమిషాలున్నాయి. ఆమె లాప్‌టాప్‌ను చూసింది, దించిన పెట్టెను చూసింది, మేనమామ మొహం చూసింది, చివరికి తండ్రి చేతిలో సూదిని చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండునని తల్లికి అనిపించింది.

"నాన్నా, అమ్మ మిషన్ దగ్గర నాకు చోటు కావాలి. మీరందరూ ఈ గదిలోనే ఉండండి."

ఇంటర్వ్యూ లింకు ఆమె మెయిల్‌లో ఉంది, ఫోన్‌లో సొంత నెట్ ఉంది. తల్లి కుర్తా తొడిగింది. మెడ దగ్గర కుట్టని చోట గుండుసూది పెట్టి, "తల ఎడమవైపు తిప్పకే, గుచ్చుకుంటుంది" అంది. ఫోన్‌ను దారపు రీళ్ళకు ఆనించి పెట్టారు. పదకొండయింది. తెరమీద కంపెనీ మేడమ్ కనిపించింది.

మొదటి ప్రశ్నలు బాగానే జరిగాయి. తర్వాత మేడమ్ అంది, "ఇప్పుడు మా ఉద్యోగి ఒకరు కస్టమర్‌లా మాట్లాడతారు. మీరు ఎలా సర్దిచెప్తారో చూస్తాం." ఒకాయన గొంతు సవరించుకొని, తన కంప్యూటర్ ఆన్ కావడం లేదని, తనకు చాలా కోపంగా ఉందని కాగితం చూసి చదివినట్టు చెప్పాడు.

అప్పుడే పక్కగదిలో అసలైన కోపం మొదలైంది.

"రంధ్రం ఉంటే పొడిచాను. పొడవడానికి కాకపోతే రంధ్రమెందుకు పెట్టినట్టు?"

"నా ముప్పైయేళ్ళ ఉద్యోగం ఆఖరి రోజు ఫోటోలయ్యా అవి. ఇంకోసారి రిటైరవ్వమంటావా?"

"నేనేం చేశాను మాస్టారూ, బావ జిడ్డన్నాడు."

కూతురు కళ్ళు మూసుకుంది. స్టూడియో కౌంటరూ, దానిమీది ప్లాస్టిక్ పూలూ కనపడ్డాయి. కళ్ళు తెరిచింది.

"వెనకాల ఎవరు?" అంది మేడమ్.

టీవీ అని చెప్పొచ్చు. ఆమె చెప్పలేదు. "మా నాన్న, మామయ్య, పై వాటా మాస్టారు మేడమ్. పొద్దున లాప్‌టాప్ తుడిచేశారు. ఆ పనిలో మాస్టారి ఫోటోలు, నెట్ పెట్టె కూడా తుడిచేశారు."

"ఆ వెనక తలుపులోంచి కనపడుతున్న వ్యక్తి చేతిలో నూనె డబ్బా ఎందుకుంది?"

"ఆయనే మా నాన్న మేడమ్."

మేడమ్ తన మనిషితో, "మీరు కాసేపు ఆగండి" అని, ఇటు తిరిగి, "మా కస్టమర్‌ని పక్కన పెడదాం. వాళ్ళతో మాట్లాడండి. మేం వింటాం" అంది.

కూతురు ఫోన్ తీసుకొని పక్కగదిలోకి నడిచింది.

"మాస్టారూ, ఏ ఫోటో పెద్దది చేయించాలో చూడమని మామయ్య మీ ఫోన్‌కి ఏమైనా పంపాడా?"

"ఏవో పంపాడమ్మా. బాణం గుర్తులున్నాయి. నొక్కితే ఏమవుతుందోనని నొక్కలేదు."

"మామయ్యా, చిన్నవి చేసి పంపావా, ఉన్నవి ఉన్నట్టే పంపావా?"

"చిన్నవి చెయ్యడం బద్ధకమేసి ఉన్నవే పంపేశా."

"అయితే అన్నీ ఉన్నాయి. మాస్టారూ, మీ ఫోన్‌లో సొంత నెట్ ఆన్ చేశాను, బాణం నొక్కండి. ఏమీ కాదు, నేనున్నాను."

మాస్టారు ఊపిరి బిగబట్టి నొక్కాడు. వీడ్కోలు సభ ఒక్కొక్కటిగా దిగడం మొదలుపెట్టింది. మొదటి ఫోటోలో ఆయన వేదికమీద నిద్రపోతున్నాడు.

"మామయ్యా, నీ ఫోన్ వైరుతో లాప్‌టాప్‌కి తగిలించి నెట్ ఇవ్వు. కావాల్సింది అదే దించుకుంటుంది. నాన్నా, పెట్టె అడుగున చీటీ అంటించి ఉంటుంది. పేరూ పాస్‌వర్డూ దానిమీదుంటాయి."

"నేను కడిగాను కాబట్టే ఇప్పుడింత సులువుగా ఎక్కుతోంది" అన్నాడు మెకానిక్.

"అవునండీ. మీరు చాలా శ్రద్ధగా చేశారు. దయచేసి మీ చేతిలో ఉన్నది కింద పెట్టి, చీటీ మాత్రం చదవండి."

కన్నతండ్రిని ఆమె 'అండీ' అనడం పుట్టాక అదే మొదలు. మెకానిక్ డబ్బా కింద పెట్టి చీటీ చదివాడు, బావమరిది ఆ పేరూ పాస్‌వర్డూ ఎక్కించాడు. గోడ పెట్టెమీద దీపాలన్నీ వెలిగాయి. లాప్‌టాప్ కూడా నెట్ అందుకుంది. ఫోన్‌లో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

"సోమవారం వచ్చి చేరండి" అంది మేడమ్. "అన్నట్టు, ఒకసారి మీ నాన్నగారికి ఫోన్ ఇవ్వండి."

మెకానిక్ చేతులు తుడుచుకొని ఫోన్ అందుకున్నాడు. మేడమ్ ఏదో చెప్పింది. ఆయన గంభీరంగా ఊకొట్టాడు. కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు కస్టమర్‌లా మాట్లాడే మనిషి కావాలట. ఇప్పుడున్నాయన చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకుంటున్నాడట, దానివల్ల ఎవరికీ ఏమీ తెలిసి రావడం లేదట. వారానికోసారి గంటసేపు ఫోన్‌లో మాట్లాడితే చాలట.

ఫోన్ పెట్టేసి ఆయన భార్య వైపు తిరిగాడు.

"ఏమన్నారండీ?" అంది ఆమె.

"నా అనుభవం వాళ్ళకి కావాలట."

ఆ ఉదయం మొత్తమ్మీద ఆయన నోటి నుంచి వచ్చిన నిజం అదొక్కటే.