క్షేమమా అని అడిగే కారు

కారు కొనేది ఎక్కడికో వెళ్లడానికి అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారంటే నాకు జాలేస్తుంది. వెళ్లడానికి బస్సుంది, రైలుంది, మరీ తప్పకపోతే కాళ్లున్నాయి. కారు కొనేది, అయ్యా, అమ్మా, మనం బతికున్నామా లేదా అని ఎవరో ఒకరు అడగడానికి!

నవ్వకండి. కాలమ్ మొదట్లోనే నవ్వేస్తే చివరికి మిగలదు.

మా కొత్త కారు పైకప్పులో, లైటు పక్కన, చిన్న ప్లాస్టిక్ మూత కింద ఒక ఎర్ర బటన్ ఉంది. దాన్ని నొక్కినా, కారు దేనికైనా గుద్దుకున్నా, ఎక్కడో ఉన్న కాల్ సెంటర్ నుంచి అశరీరవాణిలా ఒక గొంతు పలుకుతుంది. దాని పేరు ఎమర్జెన్సీ అసిస్టెన్స్. అమ్మేటప్పుడు షోరూం సేల్స్‌మన్ దాని మహిమ గురించి చాలాసేపు చెప్పాడు. "సార్, మీరు లోయలో పడ్డా లైన్ కట్ కాదు" అన్నాడు. మా దగ్గర్లో లోయలు లేవు బాబూ అన్నాను. "రోడ్లు తవ్వుతున్నారు కదా సార్, వస్తాయి" అన్నాడు. అంత దూరదృష్టి ఉన్నవాణ్ణి కాదనలేకపోయాను.

మొదటి ఏడాది ఉచితం. ఆ తర్వాత ఏటా చందా కట్టాలి. ఆ ఉచితం కాస్తా ఈ ఆదివారంతో అయిపోతోంది.

కట్టాలా, మానాలా? వారం రోజులుగా మా ఇంట్లో జరుగుతున్న మహాసభకు ఇదొక్కటే ఎజెండా. మా ఆవిడది మొదటి నుంచీ ఒకటే మాట.

"ఆపద రాకపోతే డబ్బు దండగ. వస్తే ఒళ్లు దండగ. రెండు దండగలకీ కలిపి మళ్లీ చందా ఏమిటండీ?"

ఇంత సూటి ప్రశ్నకు మామూలు మనిషైతే నీళ్లు నమిలేవాడు. కానీ నేను కాలమిస్టును. దోమ కుట్టినా అది రక్తదానమని నిరూపించగలను. కాబట్టి ఈ చందా మానవజాతికి వరమని ఇక్కడే, మీ అందరి ముందూ తేల్చేస్తాను.

ముందు పాతకాలం అనాగరికత చూడండి. అప్పట్లో నడిరోడ్డు మీద బండి ఆగిపోతే ఏమయ్యేది? పదిమంది చుట్టూ మూగేవాళ్లు. ఒకాయన బ్యాటరీ అనేవాడు. ఇంకొకాయన బ్యాటరీ కానే కాదు, పెట్రోలులో నీళ్లు అనేవాడు. వాళ్లిద్దరూ తగువులాడుకుంటుంటే మూడో ఆయన బానెట్ ఎత్తి, ఏదో ఒక వైరు కదిపి, "ఇప్పుడు కొట్టండి స్టార్టు" అనేవాడు. స్టార్టయ్యేది కాదు. ఆఖరికి అందరూ కలిసి, "పట్టండి పట్టండి" అంటూ బండిని తోసేవాళ్లు. తోసి, చేతులు దులుపుకుని, పేరైనా చెప్పకుండా ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఛీ! ఒక రసీదు లేదు, కస్టమర్ నంబర్ లేదు, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారన్న మర్యాద లేదు!

ఇప్పుడో? మొన్న మా వీధి మలుపులో ఒకాయన కారు ఆగిపోయింది. వెనకున్న మేమంతా ఎంత సంస్కారంగా ప్రవర్తించామనుకున్నారు! ఒక్కరం కూడా దిగలేదు. కూర్చున్నచోటి నుంచే హారన్లు కొట్టాం. పాపం ఆయన చందా కట్టుకుని ఉంటాడు, మధ్యలో మనం దూరి ఆయన హక్కుకు భంగం కలిగించడం ఎందుకు?

ఇక రెండో సాక్ష్యం మా మామగారు.

ఆయన మాతోనే ఉంటారు. సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన నడిపిన బస్సుల తలుపులు మామూలుగా వేస్తే పడేవి కావట. ఒంట్లో ఉన్న సత్తువంతా తెచ్చి ధడేలున విసిరితేనే పడేవట. ఉద్యోగం అయిపోయినా చేతి అలవాటు పోతుందా? ఇప్పుడు ఫ్రిజ్ తలుపైనా, బీరువా తలుపైనా ఆయన వేసే తీరు అదే. మేము ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టడం ఏనాడో మానేశాం.

కారు కొన్న కొత్తలో ఆయన ముందు సీట్లో దర్జాగా కూర్చుని తలుపు వేశారు. అంతే! కారు తనను లారీ గుద్దిందనుకుంది. ఎర్ర దీపం వెలిగింది. పైకప్పులోంచి ఆడగొంతు వినిపించింది.

"నమస్కారం. మీ కారుకు ప్రమాదం జరిగినట్టు సిగ్నల్ వచ్చింది. మీరు క్షేమమేనా?"

మామగారు తలెత్తి లైటు వైపు చూశారు. "ఎవరమ్మా నువ్వు? అక్కడెలా కూర్చున్నావు?"

"ఎమర్జెన్సీ సెంటర్ నుంచి సార్. మీకు ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

ఆ ప్రశ్న ఆయన్ను ఎవరైనా అడిగి ఎంత కాలమైందో ఏమో, మామగారు సీట్లో సర్దుకుని కూర్చున్నారు.

"నొప్పా తల్లీ? ఎడమ మోకాలు. ఇవాళ్టిది కాదులే, క్లచ్ తొక్కీ తొక్కీ అరిగింది. కుడిది నయమే, కానీ ఎడమదాన్ని చూసి దానికీ బెంగ పట్టుకుంది."

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా సార్?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అల్లుడున్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు."

"సహాయం వచ్చేవరకూ కదలకండి సార్. అప్పటిదాకా నేను మీతో మాట్లాడుతూనే ఉంటాను."

పాఠకులారా, ఆ చివరి మాట మళ్లీ ఒకసారి చదవండి. మాట్లాడుతూనే ఉంటాను! పెళ్లినాడు ఇన్ని ప్రమాణాలు చేయిస్తారు, ఈ ఒక్కటి ఎవరూ చేయించరేం?

ప్రమాదం లేదు, గీమాదం లేదు అని ఆ అమ్మాయిని నమ్మించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మర్నాటి నుంచి మామగారు రోజూ సాయంత్రం కారు అద్దాలు తుడుస్తానని గుడ్డ పట్టుకుని బయల్దేరడం మొదలుపెట్టారు. అద్దం తుడవడానికి తలుపు తీయడమెందుకు, తీసినదాన్ని అంత గట్టిగా వేయడమెందుకు అని నేనడగలేదు. వీధిలో ధడేలుమని వినబడితే చాలు, ఆయన మోకాలు లైన్లోకి వెళ్లిందని మాకు తెలిసిపోతుంది. మా వైపు కార్ల కాల్స్ అన్నీ ఆ అమ్మాయి సీటుకే కలుస్తాయట, అందుకని కొత్తవాళ్లకు మొదటి నుంచీ చెప్పుకోవాల్సిన శ్రమ కూడా లేదు. ఒకసారి నిజంగానే అంబులెన్స్ వచ్చేసింది. మామగారు దాని వెనక తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి, "తలుపంటే ఇదీ" అని డ్రైవర్ భుజం తట్టి పంపించారు.

నేను మాత్రం అలాంటి దుర్వినియోగానికి పాల్పడే మనిషిని కాను. ఒక్కసారి నొక్కాను, అదీ బాధ్యత గల వినియోగదారుడిగా సేవను పరీక్షించడానికే. ఆ రోజు కాలమ్ ముందుకు కదలక, ఇంట్లో ఊపిరాడక, వచ్చి కారులో కూర్చున్నాను.

"ఏం జరిగింది సార్?" అంది.

"ఆగిపోయానమ్మా. ఎంత తోసినా కదలడం లేదు."

"ఎక్కడ ఆగిపోయారు సార్?"

"మూడో పేరాలో."

వేరేవాళ్లయితే ఫోన్ పెట్టేసేవాళ్లు. ఆ తల్లి చదవమంది. చదివాను. నవ్వింది! డ్యూటీలో నవ్వకూడదట, అయినా నవ్వింది. ఇదే కాలమ్ ఇంట్లో చూపిస్తే ఏమవుతుందో చెప్పనా? మా ఆవిడ ఒక కంట పొయ్యిమీది పాలు చూస్తూ, ఇంకో కంట నా కాగితం చూస్తూ, "బావుంది" అంటుంది. బావుందన్నది పాల గురించో నా గురించో ఇన్నేళ్లుగా తేలలేదు.

ఆమెను తప్పుపట్టడం లేదండోయ్! ఆమె ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబ్‌లో. పొద్దున్నుంచీ వచ్చినవాళ్ల చేతికల్లా సూది గుచ్చుతూ, "నొప్పిగా ఉందా? కళ్లు తిరుగుతున్నాయా? కాసేపు కూర్చుంటారా?" అని అడుగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చేసరికి ఆ ప్రశ్నల స్టాకు ఖాళీ. సాయంత్రం గేటు ముందు కారు ఆపాక కూడా కాసేపు అందులోనే కూర్చుని వస్తుంది. పాట సగంలో ఉందేమో, అయ్యాక దిగుతుందిలే అనుకునేవాణ్ణి.

అసలు విషయం మొన్న శుక్రవారం బయటపడింది. ఆ వేళ నేను మళ్లీ సేవను పరీక్షిస్తున్నాను. (ఒక్కసారే అన్నానా? నాణ్యత అన్నది అప్పుడప్పుడూ సరిచూసుకుంటూ ఉండాలి.) కాలమ్ విని నవ్వడం అయిపోయాక ఆ అమ్మాయి అడిగింది.

"సార్, ఇంతకీ మేడమ్ ఆ పోస్టు తీసుకుంటున్నారా, వదిలేస్తున్నారా? సోమవారం చెప్పేయాలి కదా!"

"ఏ మేడమ్? ఏ పోస్టు?"

లోయలో పడ్డా కట్ కాని లైన్ కట్టయిందేమో అనుకున్నాను. "సారీ సార్, నేనేమీ అనలేదు" అని చల్లగా జారుకోబోయింది. కానీ నేను వదలను కదా! కూపీ లాగితే తేలిందేమిటంటే, ల్యాబ్ వాళ్లు కొత్త బ్రాంచి పెడుతున్నారు. దానికి మా ఆవిడను ఇన్‌చార్జిగా వెళ్లమన్నారు. వెళ్తే హోదా, వెళ్లకపోతే ఇదే సూది. వెళ్లాలని ఉంది, భయంగానూ ఉంది. ఇదంతా నాలుగు వారాలుగా మా గేటు ముందు, మా కారులో, మా పైకప్పు కింద నడుస్తున్న సీరియల్!

చూశారా, ఈ సేవ ఎంత గొప్పదో! నా చేతికి ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి? గంతులేసుకుంటూ ఇంట్లోకి వెళ్లాను.

"చూశావా! నీ ప్రమోషన్ సంగతి నాకు చెప్పిందెవరు? ఎమర్జెన్సీ సర్వీసు! ఇంత పనికొచ్చే సేవను మానేద్దామంటావా?"

మా ఆవిడ కోప్పడలేదు. అదే నాకు కొంచెం వింతగా అనిపించింది.

"మీకు మూడుసార్లు చెప్పానండీ. మూడుసార్లూ ఊఁ అన్నారు."

"ఊఁ అన్నానంటే విన్నట్టే కదా?"

"ఆ అమ్మాయి ఊఁ అనదు. తర్వాత ఏమైంది మేడమ్ అంటుంది." అని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

నేను నిష్పక్షపాతిని. ఒక సరుకు కొనేముందు పోటీ సరుకును కూడా పరీక్షించడం ధర్మం. చందా లేకుండా, ఉచితంగా, ఇంట్లోనే, అదే ప్రశ్న మనమే అడిగితే? ఫలితం బాగుంటే డబ్బు మిగిలినట్టే కదా?

ఇవాళ, ఆదివారం పొద్దున్న, ఆమె ఆరిన బట్టలు మడతపెడుతోంది. మామగారు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నారు. నేను వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను.

"నువ్వు క్షేమమేనా? ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

ఆమె చేతిలో దుప్పటి జారిపోయింది.

"ఎక్కడ గుద్దారు?"

"ఏమిటి?"

"కారండీ! ఎక్కడ గుద్దారు? ఎవరికీ ఏమీ కాలేదు కదా? నాన్నా, ఈయన కారు గుద్దేశారు!"

మామగారు మోకాలి సంగతే మరిచిపోయి ఒక్క ఉదుటున వీధిలోకి దూకారు. బంపర్ తడిమారు, చక్రాల మధ్యకు తొంగి చూశారు, నాలుగు తలుపులూ తీసి తీసి వేశారు. ఒక్క గీత కూడా లేదని అక్కడినుంచే కేకేశారు. అయినా మా ఆవిడ నమ్మలేదు.

"ఏమీ జరగకపోతే మరెందుకడిగారు?"

"ఊరికే అడిగాను."

"ఊరికే ఎవరడుగుతారండీ?" అని నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమైనా ఉందా అని చూసింది.

పాఠకులారా, ఇంక వాదన ఏం మిగిలింది? పన్నెండింటికల్లా చందా కట్టేశాను, మూడేళ్లకు కలిపి. మా ఆవిడ ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదు. పైగా కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లింది.

ఇదంతా మీకు గేటు దగ్గర నిలబడే రాస్తున్నాను. ఆమె లోపల కూర్చుని అద్దాలు ఎత్తుకుని మాట్లాడుతోంది. చేతులు తిప్పుతోంది, మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది, ఇప్పుడు నవ్వుతోంది. రేపు ల్యాబ్‌లో ఏం చెప్పబోతోందో తెలుసుకోవాలని నాకు చాలా ఆత్రంగా ఉంది. కనుక్కుంటాను, తప్పకుండా కనుక్కుంటాను. కానీ ఆమె దిగాక మామగారి వంతు. ఆయన మోకాలు అయితే గానీ నా వంతు రాదు.